ఉత్తర్వు ప్రకారం చెల్లెలు

విదేశాలకు వెళ్ళి సేవ చేయాలంటే అన్నిటికంటే ముందు ఏడవకుండా ఉండటం రావాలని నాకు అరవై ఏడో ఏట తెలిసింది. అంతవరకు పాస్‌పోర్టు ఉంటే చాలు, మోకాళ్ళు వంగితే చాలు, చెప్పిన పని చేతనైతే చాలు అనుకుంటూ బతికాను.

నాకు చేతనైన పని ఒకటే, పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పడం. నేను బడికి వెళ్ళలేదు. విజయనగరంలో ఒక కిరాణా కొట్టులో ముప్ఫై ఏళ్ళు పొట్లాలు కట్టాను. చేతిలోని కాగితాల మీద ఏముందో తెలుసుకోవాలని నలభై దాటాక ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. పాత పత్రికలు, చిరిగిన నవలలు, పంచాంగాలు, ఏది తూకానికి వస్తే అది చదివాను. హంతకుడెవరో తెలిసే పేజీలోనే ఎప్పుడూ ధనియాలు వెళ్ళిపోయేవి. అలా చదువుకున్న మనిషికి అచ్చులో ఉన్నదంతా వేదమే. రైలు టిక్కెట్టు వెనక నిబంధనలు చదివి, వాటి ప్రకారం కూర్చునే మనిషిని నేను.

సముద్రాల అవతల ఒక ద్వీపం ఉంది. చెరకు తోటల్లో పనికని నాలుగు తరాల కిందట వెళ్ళిన మనవాళ్ళ మనవరాళ్ళు అక్కడ ఉన్నారు. ఇప్పుడు వాళ్ళూ ముసలమ్మలే. చనిపోయేలోపు తెలుగు అక్షరాలు నేర్చుకోవాలని ఉందట. ఆరు నెలలకు ఒక మనిషిని పంపమన్నారు. ఆ ప్రకటన పత్రికలో చూడగానే నాకు గుండె దడ మొదలైంది. నాకు దడ రాని ప్రకటన లేదనుకోండి, కరెంటు కోత ప్రకటనకు కూడా వస్తుంది.

అసలు సంగతి చెబుతాను. నాకు వీడ్కోళ్ళంటే భయం. చుట్టాలు బయల్దేరే వేళకు స్నానాల గదిలో దూరి, ఆటో చప్పుడు మలుపు తిరిగేదాకా కుళాయి విప్పి కూర్చునేదాన్ని. మా చెల్లెలు అండమాను ఓడ ఎక్కిన రోజు మంచినీళ్ళు తెస్తానని చెప్పి గోదాము వెనక నిలబడ్డాను. ఓడ కూత విన్నాను, దాని ముఖం చూడలేదు. మళ్ళీ చూసే అవకాశం రాలేదు. మా ఆయన పోయినప్పుడు ఆసుపత్రి మెట్ల మీద మందుల చీటీ చదువుతున్నాను. అది రెండోసారి చదవడం.

నన్ను వదిలి అందరూ వెళ్ళారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వెళ్ళే మనిషిని నేను కావాలనిపించింది. పిల్లల్లేరు, అద్దె ఇల్లు, పెంచుకున్న తులసి కూడా ఎండిపోయింది. పంపేవాళ్ళు లేని మనిషికి వెళ్ళడంలో కష్టమేముంటుంది? ఇదీ నా లెక్క. ఆ ప్రకటన ఇచ్చిన ప్రవాస స్వచ్ఛంద సేవా సన్నాహక మండలికి దరఖాస్తు పెట్టాను.

ఆ మండలి విశాఖపట్నంలో మూడంతస్తుల మేడ. రెండేళ్ళకొకసారి పది మందిని విదేశాలకు పంపుతుంది, ఆ పది మందిని సిద్ధం చేయడానికి నూటపది మంది పనిచేస్తారు. ఉప సంచాలకులు కోదండపాణి గారు మాకు మొదటి రోజే నియమం వివరించారు. అంతకు ముందు బృందంలో ఒకతను విమానాశ్రయంలో వాళ్ళమ్మను పట్టుకుని ఏడ్చాడట. ఆ ఫొటో పత్రికలో పడింది. అవతలి దేశం వాళ్ళు చూసి, అంత కష్టమైతే రావద్దులెండి అని మర్యాదగా ఉత్తరం రాశారు.

"ఈ సంఘటనను మండలి తీవ్రంగా పరిగణించింది," అన్నారు కోదండపాణి గారు. "తత్ఫలితంగా ఒక కమిటీ నాలుగు నగరాల్లో పర్యటించి, ప్రజలు విడిపోవు విధానాన్ని కూలంకషంగా అధ్యయనం చేసింది. ఇకపై వియోగ సామర్థ్య ధ్రువపత్రం లేనిదే ఎవరూ దేశం దాటరాదు."

పరీక్ష చాలా సులువుగా ఉంటుంది. మండలి హాలులో తాడు కట్టి విమానాశ్రయం చేశారు. అభ్యర్థి తాడుకు ఇటు, బంధువు అటు. ఇద్దరికీ తలొక తెల్ల రుమాలు ఇస్తారు. ముందు తూచి ఇస్తారు, వీడ్కోలయ్యాక మళ్ళీ తూస్తారు. అందుకోసం బంగారం తూచే త్రాసు కొన్నారు. అభ్యర్థి రుమాలు ఒకటిన్నర గ్రాములు మించి బరువెక్కితే తప్పినట్టు. బంధువు రుమాలు పోలిక కోసం. నిబంధనల పుస్తకం కూడా ఇచ్చారు. నలభై రెండు పేజీలు. మిగతావాళ్ళు దాంతో విసురుకున్నారు. నేను మూడుసార్లు చదివాను.

నాకు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. ఏడవడానికి నాకెవరున్నారు?

మర్నాడు కోదండపాణి గారు పిలిపించారు.

"వరహాలమ్మ గారూ, పదకొండో గడి ఖాళీగా ఉంది. వీడ్కోలు పలుకు బంధువు పేరు."

"ఎవరూ లేరండి."

"ఎవరూ లేరంటే దాన్ని మండలి ఏ విధంగా అర్థం చేసుకోవాలి?"

"ఎవరూ లేరనేనండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండమ్మా. వియోగం ఉంటే కదా వియోగ సామర్థ్యం. నీళ్ళు లేని చోట ఈత పరీక్ష ఎలా పెట్టను? కంగారు పడకండి. నీళ్ళు మండలే సమకూరుస్తుంది."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, క్యాంటీన్ సహాయకురాలు శ్రీమతి గవరమ్మను అభ్యర్థిని శ్రీమతి వరహాలమ్మకు కనిష్ఠ సోదరిగా నియమించడమైనది. టీ విధులకు భంగము కలుగరాదు."

గవరమ్మ అరవై దాటిన మనిషి. నల్లగా, పొడుగ్గా, చేతిలో గ్లాసుల బుట్టతో వచ్చింది. బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. వేశాక అడిగింది.

"ఏటి రాసినారు బాబూ?"

"నువ్వు ఈమెకు చెల్లెలివి."

"నానా? ఈవిడికా?" నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఈవిడే నాకంటే సిన్నదాన్లాగ ఉన్నాది. పళ్ళన్నీ ఉన్నాయి. సర్లే. టీ ఎట్టమంతే ఎడతన్నాను. సెల్లెలవమంతే అవనా?"

"ఆమెను అక్కా అని పిలవాలి," అన్నారు కోదండపాణి గారు.

"అక్కేటి? మాకాడ అప్ప అంతారు."

ఆ మాట ఉత్తర్వులో లేదని ఆయన ఇబ్బంది పడ్డారు. రెండు రోజులకు సవరణ ఉత్తర్వు వచ్చింది. అప్పటిదాకా గవరమ్మ నన్ను "ఇదిగో" అని పిలిచింది.

మొదటి వీడ్కోలు. గుమాస్తా ఒకాయన రేకు బాకాలో విమానం వేళయిందని అరిచాడు. మండలి ఆమోదించిన సంభాషణ ప్రకారం నేను "ఆరోగ్యము జాగ్రత్త" అనాలి, ఆమె "తమరును అటులనే" అనాలి.

"ఆరోగ్యము జాగ్రత్త," అన్నాను.

"ఎల్లు ఎల్లు," అంది గవరమ్మ. "నాకు పాలు పొంగిపోతన్నాయి."

రెండు రుమాళ్ళూ సున్నా. నేను నెగ్గాననుకున్నాను. కోదండపాణి గారు తల అడ్డంగా ఊపారు. "బంధుత్వంలో సాంద్రత లేదు. ఇలాంటి పల్చటి బంధుత్వంతో నెగ్గితే రేపు ఆడిట్‌లో నిలవదు. గాఢత పెంపొందించాలి."

అందుకు నాలుగు వారాల పాఠ్యప్రణాళిక తయారు చేశారు. మొదటి వారం కలిసి భోజనం. రెండో వారం పోట్లాట. మూడో వారం జబ్బు. నాలుగో వారం ఒకరి గతం ఒకరికి చెప్పుకోవడం, రోజుకు ముప్పావుగంట.

పోట్లాటకు ఒక నమోదు పుస్తకం ఇచ్చారు. కారణం, వ్యవధి, తీవ్రత, రాజీ తేదీ అని గళ్ళున్నాయి. క్యాంటీన్ బల్ల దగ్గర అరగంట ఎదురెదురుగా కూర్చున్నాం. కారణం దొరకలేదు.

"నువ్వే మొదలెట్టప్పా. సదువుకున్నదానివి."

నేను చాలాసేపు ఆలోచించి, టీలో పంచదార ఎక్కువవుతోందేమో అన్నాను.

"ఎక్కువా?" గవరమ్మ లేచి నిలబడింది. "ముప్పై ఏళ్ళనుంచీ ఈ సేత్తో పోస్తన్నాను. డైరెట్రు బాబు తాగినాడు, ఆల్ల నాన్న తాగినాడు. ఒక్కలు అన్నేదు. నువ్వొచ్చి నెల కానేదు, నీకు ఎక్కువైపోయినాదా?"

రెండు రోజులు నా బల్ల దగ్గరికి రాలేదు. రాజీ తేదీ గడి ఖాళీగా ఉందని ఆఫీసు వాళ్ళు నాకు మెమో ఇచ్చారు. మూడో రోజు గ్లాసు టక్కున పెట్టింది. "తాగు. సప్పగా తాగు." తాగాను. గడ్డిలా ఉంది. కొంచెం పంచదార వేస్తావా అని అడిగాను. ఆమె నవ్వకుండా చెంచాడు వేసి, ఇంకో చెంచాడు వేసింది. తీవ్రత గడిలో ఏం రాయాలో నాకు తెలియలేదు.

జబ్బు వారంలో నేను రోగిని. బుధవారం ఒక్క రోజు బెంచీ మీద పడుకుంటే చాలు. కానీ నా సంగతి చెప్పాను కదా, అచ్చులో జబ్బు అని ఉంటే నాకు జబ్బు చేస్తుంది. నిజం జ్వరమే వచ్చింది. గవరమ్మ నన్ను ఆటోలో తన ఇంటికి తీసుకుపోయింది. గంజి కాచింది, చారు పెట్టింది, నుదుటి మీద చెయ్యి వేసి కూర్చుంది. మూడో రోజు నాకు సిగ్గేసింది.

"ఉత్తర్వులో ఒక్క రోజే ఉంది గవరమ్మా," అన్నాను.

"నాను సదవనేదు గదా," అంది.

నాలుగో వారం ఒకరి గతం ఒకరు చెప్పుకున్నాం. ముప్పావుగంట చాలలేదు. అదనపు సమయానికి అనుమతి కోరుతూ నేను అర్జీ పెట్టాను.

మళ్ళీ వీడ్కోలు పరీక్షలు మొదలయ్యాయి. మొదటిది సున్నా పాయింట్ నాలుగు. తర్వాత ఒకటి పాయింట్ ఒకటి. తర్వాత రెండు పాయింట్ ఆరు. బాకాలో అరిచే గుమాస్తా గొంతు సవరించుకుంటేనే నాకు కళ్ళు నిండేవి. కోదండపాణి గారు నా గ్రాములన్నిటినీ గోడ మీద గీతగా గీయించారు. అది మెట్లెక్కినట్టు పైకి పోయింది. వియోగ నిపుణుడిని పిలిపించారు. ఆయన నాతో, "బంధువును బంధువుగా భావించకండి. బరువు మించిన సామానుగా భావించండి," అన్నాడు. నేను గవరమ్మ వంక చూసి సామాను అనుకున్నాను. ఆ సామాను నా చీర మడత సరిచేసింది. నాలుగు పాయింట్ రెండు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ రెండో రుమాలు. ముప్ఫై నాలుగు వీడ్కోళ్ళు జరిగాయి. ముప్ఫై నాలుగుసార్లూ గవరమ్మ రుమాలు సున్నా. నాతో గంజి తాగించిన మనిషి, గతం చెప్పిన మనిషి, ఒక్క చుక్క కూడా రాల్చలేదు. మనసులో బండ అనుకున్నాను. పైకి అనలేదు. ఆ వారం పాఠ్యప్రణాళికలో పోట్లాట లేదు.

అప్పుడు మండలి తన జీవితంలోకెల్లా తర్కబద్ధమైన పని చేసింది. ద్వీపానికి గవరమ్మను ఎంపిక చేసింది.

నేను కోదండపాణి గారి గదికి పరుగెత్తాను, అంటే నా మోకాళ్ళు పరుగు అనుకునే నడక నడిచాను.

"అయ్యా, అక్కడ అక్షరాలు నేర్పాలండి. గవరమ్మకు అక్షరం రాదు."

"ఎంపిక నిబంధనల్లో అక్షరాల ప్రస్తావన ఎక్కడుందో చూపండి."

నాకు తెలుసు. లేదు. మూడుసార్లు చదివాను.

"కన్నీళ్ళ ప్రస్తావన ఉంది," అన్నారాయన. "ముప్ఫై నాలుగు ప్రయత్నాల్లో సున్నా గ్రాములు. మండలి చరిత్రలో ఇటువంటి అభ్యర్థి లేదు. మీరేం దిగులు పడకండి. మీకూ బాధ్యత ఉంది. ఆమెకు వీడ్కోలు పలుకు బంధువు మీరే."

మళ్ళీ నన్ను వదిలిపెట్టే పద్ధతే. ఈసారి ఉత్తర్వు కూడా ఉంది.

క్యాంటీన్‌కి వెళ్ళాను. గవరమ్మ అల్లం దంచుతోంది.

"నాకేటి తెలుసప్పా. ఇమానం ఎక్కమన్నారు. అక్కడ టీ కాయాలనుకున్నాను."

"అక్షరాలు నేర్పాలి."

"నానా?" రోకలి ఆగిపోయింది. "ఓలమ్మో. మరి నువ్వు?"

నాకు కోపం వచ్చింది. నిజం కోపం, నమోదు పుస్తకంలో రాయలేనంత. "నేనా? నేను తాడు అవతల నిలబడి ఏడుస్తాను. నాకు వచ్చింది అదే కదా. నీకేం, నీ కంట నీళ్ళుండవు. నేను వెళ్ళినా ఒకటే, ఉన్నా ఒకటే."

గవరమ్మ రోకలి కింద పెట్టింది. "ఎవులు సెప్పినారు నీళ్ళుండవని?"

"త్రాసు చెప్పింది. ముప్ఫై నాలుగుసార్లు."

"ఆ తెల్లగుడ్డా? ఇస్త్రీ సేసి ఇచ్చినారు. దాన్ని ముక్కుకెట్టి పాడు సేస్తానా? కొంగుండగా దాంతో ఎవులు తుడుసుకుంతారు?" రొంటిన దోపిన కొంగు లాగి నా చేతిలో పెట్టింది. "సూడు. ఉప్పు కట్టేసినాది. పొద్దుట పరీచ్చ నీల్లు ఇంకా ఆరనేదు."

తడిగానే ఉంది.

అప్పుడు నాకు మిగతావాళ్ళంతా గుర్తుకొచ్చారు. మా బృందంలోని ఆరుగురు ఆడవాళ్ళూ మొదటి వారమే నెగ్గారు. అందరూ తాడు దగ్గర అటు తిరిగి కొంగు అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. అది మర్యాద అనుకున్నాను. పంతొమ్మిదో పేజీ, ఏడో నిబంధన: "కన్నీటిని మండలి జారీ చేసిన రుమాలుతో మాత్రమే తుడుచుకొనవలెను." ఆ పుస్తకం చదివింది నేనొక్కదాన్నే. ఆ నిబంధన పాటించిందీ నేనొక్కదాన్నే. పొట్లాలు కట్టుకుంటూ సంపాదించిన చదువు నన్ను సరిగ్గా తాడు దాకా తెచ్చి అక్కడ వదిలేసింది.

"ఈ సంగతి సారుకు చెప్పాలి," అన్నాను.

"సెప్తే?"

చెబితే కొంగులు కూడా తూస్తారు. ఆరుగురూ ఆగిపోతారు. గవరమ్మా ఆగిపోతుంది. నేనైతే ఎలాగూ ఆగిపోయాను.

"ఒలప్పా," అంది గవరమ్మ, అల్లం టీలో వేస్తూ, "ఇంత సదివినావు, ఇంత సిన్న పని తెలీదా? ఇంకోపాలి పరీచ్చ ఎట్టమను. నువ్వు కొంగట్టుకో. నాను ఆ గుడ్డట్టుకుంతాను. నువ్వు ఎల్తావు, నానుంతాను."

"అది నిబంధనకు విరుద్ధం."

"నీకు ఎల్లాలనుందా, నేదా?"

ఆ ప్రశ్న మండలిలో నన్నెవరూ అడగలేదు. నలభై రెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఉంది అన్నాను.

నేను అర్జీ పెట్టుకున్న అప్పీలు పరీక్షకు కోదండపాణి గారు, నిపుణుడు, త్రాసు, బాకా అందరూ వచ్చారు. గవరమ్మ తాడు అవతల నిలబడి, "తమరును అటులనే," అని పాఠంలో ఉన్నట్టే అంది. అలా అనడం మొదటిసారి. నాకు ఆగలేదు. ఏడో నిబంధన కళ్ళముందు కనిపిస్తుండగా కొంగు మొహానికి పెట్టుకున్నాను. బ్యాంకు దోచినంత దడ వచ్చింది. ఆమె రుమాలు తీసి, ఏం దాచుకోకుండా, ఎదురుగా నిలబడి ఏడ్చింది.

నాది సున్నా. ఆమెది ఆరు పాయింట్ ఎనిమిది.

"శిక్షణ!" అన్నారు కోదండపాణి గారు. నిపుణుడు మాత్రం చాలాసేపు రెండు అంకెలనూ కలిపి చూసుకున్నాడు. కన్నీరు ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేయవచ్చునని ఆయన తర్వాత ఒక వ్యాసం రాశాడని విన్నాను.

నేను ఎంపికయ్యాను. ఎంపిక పత్రంతో పాటు ఉత్తర్వు ఒకటి వచ్చింది. దాని ప్రతి గవరమ్మకు కూడా ముద్ర వేయించుకుని ఇచ్చారు. "శిక్షణ ముగిసినందున శ్రీమతి గవరమ్మను సోదరి విధుల నుండి పద్నాలుగో తేదీ సాయంత్రం ఐదు గంటలకు విముక్తురాలిని చేయడమైనది. అటు తరువాత ఉభయుల మధ్య ఎట్టి సంబంధమూ లేదు. వీడ్కోలు ఇదివరకే ముప్ఫై అయిదు పర్యాయములు పూర్తయినందున నిజ విమానాశ్రయములో మరల పలుకరాదు."

ఆ సాయంత్రం ఐదుకు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. గవరమ్మకు చెప్పే ధైర్యం రాలేదు. ప్రయాణం రోజు ఏ బాధా లేకుండా ఒంటరిగా వెళ్ళిపోవచ్చు, నేను మొదట వేసుకున్న లెక్క ఇదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మెమో భాషలో చెప్పుకున్నాను కాబట్టి నమ్మలేదు.

ప్రయాణం పగటి పూట. మండలి కారు నన్ను దింపి వెళ్ళిపోయింది. పెట్టె ఈడ్చుకుంటూ విమానాశ్రయం తలుపు దాకా వెళ్ళాను. వెనక నుంచి కేక వినిపించింది.

"అప్పా!"

గవరమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. ద్వారం దగ్గర కాపలా జవాను ఆమెను ఆపాడు. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. టిక్కెట్టు లేనివాళ్ళు ఇటు రాకూడదని చేతులతో చెబుతున్నాడు.

"నాకు టిక్కెట్టెందుకు? కాయితం ఉన్నాది!" జాకెట్టులోంచి నాలుగు మడతల కాగితం తీసి అతని ముఖం ముందు పెట్టింది. "సూడు బాబూ. గవర్నమెంటు కాయితం. నాను ఆవిడి సెల్లెల్ని."

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అడుగున గుండ్రటి ముద్ర కనిపించింది. రెండు వేళ్ళు చూపించాడు, రెండు నిమిషాలు.

నేను ఆ కాగితం ఏదో దూరం నుంచే గుర్తుపట్టాను.

నాకు అలవాటైన పని ఒకటుంది, నీళ్ళు తెస్తాననడం. దాహంగా ఉందని చెప్పి లోపలికి నడిచిపోవచ్చు. కాళ్ళు తలుపు వైపు తిరిగాయి కూడా. ఆమె అప్పటికే నా ముందుకు వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది.

"మనం అప్పాసెల్లెల్లమని రాసిన కాయితం ఇదే గదా. ముద్రేయించుకోని ఇచ్చినారు, సదివి సెప్పనేదు. ఒకపాలి సదువు, ఇంటాను."

విప్పాను. అచ్చు, సంతకం, ముద్ర, తేదీ, ఐదు గంటలు. అన్నీ ఉన్నాయి. తల ఎత్తి ఆమె ముఖం చూస్తూ చదివాను.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, శ్రీమతి గవరమ్మ, శ్రీమతి వరహాలమ్మకు చెల్లెలు. ఈ నియామకము శాశ్వతము. దీనిని రద్దు చేయు అధికారము ఏ మండలికీ లేదు."

"అంతేనా? శానా రాసున్నట్టుంది."

"వరహాలమ్మ ఆరు నెలలకు తిరిగి వచ్చి గవరమ్మ ఇంట దిగవలెను. అంతదాకా వారం వారం ఉత్తరము రాయవలెను. ఆ ఉత్తరములను గవరమ్మ ఎవరి చేతనైనా చదివించుకొని, వరహాలమ్మ వచ్చాక తానే చదువుకొనుటకు అక్షరములు నేర్చుకొనవలెను."

"అది కూడా రాసినారా?" కాగితం మీదికి వంగింది. "ఏదీ, ఏ వరసలో?"

వేలు పెట్టి చూపించాను. ఎట్టి సంబంధమూ లేదు అన్న వరస అది.

ఆమె ఆ వరసను బొటనవేలితో తడిమింది. జవాను గడియారం చూసుకుని చేయి ఊపాడు.

"ఎనకాల?" అంది గవరమ్మ. "ఎనకాలేటి రాసినారు?"

కాగితం తిప్పాను. అటువైపు ఏమీ లేదు. అది కూడా మొత్తం చదివి వినిపించి, లోపలికి వెళ్ళాను.